తూము ఎవరి చేతిలో ఉంది? గోదావరి డెల్టాలో నిపుణులు, ప్రతినిధులు, దళితులు

ప్రజాస్వామ్యం గురించి మనకు రెండు పాఠాలు చెబుతుంటారు. నీళ్ళు, భూమి, బడ్జెట్టు లాంటివి చిక్కు విషయాలు, మామూలు జనానికి అంతుపట్టవు, తెలిసినవాళ్ళకు వదిలెయ్యాలి అన్నది మొదటి పాఠం. ఓటేసి ప్రతినిధుల్ని పంపించాం గదా, ఇక అయిదేళ్ళు వాళ్ళు చూసుకుంటారు, మధ్యలో మీ గొడవేమిటి అన్నది రెండోది. చదువుకున్న పెద్దమనుషులు, పత్రికల సంపాదకులు, ఆఖరికి కొందరు ఉద్యమ మిత్రులు గూడా ఈ మాటలు అంటుంటే వింటున్నాం.

మాల మాదిగ పేటలకు ఈ మాటలు కొత్త కాదు. శాస్త్రం తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు వినాలి. మునసబు, కరణం, పెద్దకామందు నిర్ణయిస్తారు, పాలేరు చెయ్యాలి. ఈ పాత నీతికి ఇప్పుడు ఇంజనీరు, ఎమ్మెల్యే అని కొత్త పేర్లు వచ్చాయా, లేక నిజంగానే ఏదైనా మారిందా? ఈ ప్రశ్నకు ఊహల్లో జవాబు వెతికే కన్నా ఒక నేల చరిత్రలో వెతకటం మంచిది. దానికి గోదావరి డెల్టాని మించిన చోటు లేదు. అక్కడ బతుకంతా నీటిమీద, నీటిమీద తీసుకునే నిర్ణయాలమీద ఆధారపడి ఉంది. కాలువ ఎప్పుడు వదలాలి, ఎప్పుడు కట్టెయ్యాలి, దాళ్వాకు ఎన్ని ఎకరాలకు నీళ్ళివ్వాలి అన్నవాటిని బట్టే అక్కడ కూలి దొరకటం, దొరక్కపోవటం ఉంటుంది.

నిపుణులు వద్దనీ, ప్రతినిధులు వద్దనీ మేం అనటం లేదు. వాళ్ళని ఎవరు ఎంచారు? వాళ్ళు ఎవరికి జవాబు చెప్పాలి? నిర్ణయం వల్ల నష్టపోయేవాడు వాళ్ళని నిలదీసి అడిగే చోటు ఎక్కడుంది? నమ్మకం గురించి మాట్లాడే ముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు కావాలి.

1. కాటన్ దొర లెక్క

1833 కరువు, 1839 తుఫాను రాజమండ్రి జిల్లాని ఊడ్చేశాయి. సర్కారు లెక్కల్లో 1821లో 7,38,308గా ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. పక్కనే గోదావరి సముద్రంలోకి పోతుంటే జనం ఆకలికి చచ్చారు, వలసపోయారు. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ జిల్లా దుస్థితిమీద నివేదిక ఇచ్చాడు. ఆ రోజుల్లోనే ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన పెట్టాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్య లంకల్ని కలుపుకుంటూ ఆ కట్ట నిలబడింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా కాలువలు పారాయి. ఈనాడు దాని కింది ఆయకట్టు పది లక్షల ఎకరాలు.

కాటన్ నిజమైన నిపుణుడు. అతను వద్దంటే, లేదా ఆ పని తెలియనివాడి చేతిలో పెట్టి ఉంటే కట్ట నిలిచేది కాదు. అయితే ఇసక నేలలో పునాది వెయ్యటం ఎలాగో కావేరి మీది పాత కల్లణైని చూసి నేర్చుకున్నానని కాటనే చెప్పుకున్నాడు. ఆ కల్లణై కట్టిన రాజు పేరు చరిత్రలో ఉంది. రాళ్ళు వేసిన చేతుల పేర్లు లేవు. మన తెలుగు నేలమీద చెరువు తూము దగ్గర నీళ్ళు పంచే నీరటి, నీరుగంటి పని చాలాచోట్ల దళిత కులాల చేతుల్లోనే ఉండేది. ఏ చేను ఎప్పుడు తడవాలో, ఎంత నీటికి ఎంత చేను పండుతుందో వాళ్ళకి తెలుసు. ఆ తెలివిని ఎవరూ నైపుణ్యం అనలేదు, వెట్టి అన్నారు. నిపుణుడు ఎవరన్నది నిర్ణయించటంలోనే కులం పనిచేస్తుందన్న సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.

ఆనకట్టకు రాళ్ళు మోసినవాళ్ళలో, కాలువలకు మట్టి తవ్వినవాళ్ళలో మాలలు, మాదిగలు వేల మంది. 1836లో వచ్చి నర్సాపురంలో స్థిరపడిన బౌడెన్, బీర్ మిషనరీలు ధవళేశ్వరం కూలీల మధ్య బోధించారు. డెల్టా మాలల్లో క్రైస్తవం వేరుపట్టటానికి ఆనకట్ట పని కూడా ఒక కారణం. అంటే ఆనకట్ట చరిత్ర దళితుల చరిత్ర కూడా. కానీ విగ్రహం మాత్రం కాటన్‌కే దక్కింది.

నీళ్ళు వచ్చాక ఏమైంది? ఎండుభూమి మాగాణి అయింది. పట్టా ఎవరికుందో వాడు బాగుపడ్డాడు. కంపెనీకి శిస్తు పెరిగింది. కామందుకి పంట పెరిగింది. రెండు పంటలకు, మూడు పనులకు, అంటే ఊడ్పులకు, కోతలకు, నూర్పిళ్ళకు, చేతులు కావలసి వచ్చి పాలేరుతనం ఇంకా గట్టిపడింది. డెల్టాలో పోగుబడిన డబ్బు తర్వాత మిల్లులైంది, కాలేజీలైంది, సినిమాలైంది. పేట మాత్రం ఊరికి దూరంగా, పల్లంలో, మురుగు కాలువ గట్టుమీదే ఉండిపోయింది.

కాటన్ని తిట్టటం మా ఉద్దేశం కాదు. ఆనకట్ట లేకపోతే మరో కరువులో ముందు చచ్చేది మనవాళ్ళే. ఇంతకీ మేం చెప్పేది ఏమిటంటే, గోదావరిని ఎలా ఆపాలి, ఎంత నీరు ఎంత దూరం పారుతుంది అన్న ప్రశ్నలు నిపుణుడివి. వాటికి అతను జవాబు చెప్పాడు. ఆ నీరు ఎవరి చేలోకి పారాలి అన్నది నిపుణుడి ప్రశ్న కాదు. ఆ ప్రశ్నను ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి, ఉన్న భూమి పంపకమే దానికి జవాబు అయింది. నిపుణుడికి వదిలేశాం అనుకున్న ప్రతిచోటా ఇదే జరుగుతుంది. సాంకేతిక నిర్ణయం వెనకాల సామాజిక నిర్ణయం చప్పుడు లేకుండా జరిగిపోతుంది.

2. మన తరఫున మాట్లాడేదెవరు?

సరే, నిపుణుడి దారి అది. ప్రతినిధుల దారి చూద్దాం.

1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములనే పేరు కాదని ఆది ఆంధ్రులం అని మనవాళ్ళు తమకు తామే పేరు పెట్టుకున్నారు. తన పేరు తాను పెట్టుకోవటం ప్రాతినిధ్యానికి మొదటి మెట్టు. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యమిస్తూ అంబేద్కర్ ఒక కీలకమైన తేడా చూపించాడు. అభిప్రాయాలకు ప్రాతినిధ్యం ఉంటే చాలదు, మనుషులకు ప్రాతినిధ్యం కావాలన్నాడు. మన మేలు కోరే పెద్దమనిషి మన అభిప్రాయం చట్టసభలో చెప్పవచ్చు. కానీ అంటరాని మనిషి అక్కడ కూర్చోనంతవరకూ ఆ సభ అంటరానితనాన్ని పాటిస్తున్నట్టే.

1919 సంస్కరణల తర్వాత మద్రాసు శాసనమండలిలోకి నిమ్నజాతుల ప్రతినిధులు వచ్చారు. కానీ ఎన్నికై రాలేదు, ప్రభుత్వం నామినేట్ చేస్తే వచ్చారు. నియమించినవాడికే జవాబు చెప్పాలి గదా. ఆస్తి ఉన్నవాడికే ఓటు కాబట్టి పేటలో ఓటు ఉన్నవాడు అరుదు.

ఆ రోజుల్లోనే రాజమండ్రి నుంచి ఒక గొంతు లేచింది. గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనం’ అని పాట రాస్తే గోదావరి గడ్డమీదే కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ అన్నాడు. దీన్ని దేశద్రోహం అన్నవాళ్ళున్నారు, స్వరాజ్యానికి అడ్డుపడటం అన్నవాళ్ళున్నారు. నిజానికి ధర్మన్న అడిగింది ప్రజాస్వామ్యంలో అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. అధికారం చేతులు మారుతుందంటున్నారు, ఏ చేతుల్లోకి? మా తరఫున తీసుకుంటున్నామంటున్నారు, మమ్మల్ని అడిగారా?

1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు దళితులకు రెండు ఓట్లిచ్చింది. ఒకటి తమ ప్రతినిధిని తామే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గంలో, రెండోది అందరితోపాటు సాధారణ నియోజకవర్గంలో. గాంధీ నిరాహారదీక్షకు దిగాడు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం కుదిరింది. సీట్లు పెరిగాయి: రాష్ట్ర శాసనసభల్లో 71 నుంచి 148కి, మద్రాసు రాష్ట్రంలో 18 నుంచి 30కి. ఓటు మాత్రం తగ్గింది. దళితులు ప్రాథమిక ఎన్నికలో నలుగురి ప్యానెల్‌ని ఎంచాలి. ఆ నలుగురిలో ఎవరు గెలవాలో నియోజకవర్గంలోని ఓటర్లందరూ తేలుస్తారు. అంటే అభ్యర్థి మనవాడు, ఎంపిక వాళ్ళది. నలుగురిలో పేటకు ఇష్టమైనవాడు మొదటివాడైతే, కామందులకు ఇష్టమైనవాడు నాలుగోవాడు కావచ్చు. గెలిచేది నాలుగోవాడే.

1937లో ఈ పద్ధతిలో మొదటి ఎన్నికలు జరిగాయి. గోదావరి ప్రాంతపు బయ్యా సూర్యనారాయణమూర్తి మద్రాసు శాసనసభకు వెళ్ళి రాజాజీ ప్రభుత్వంలో పార్లమెంటరీ కార్యదర్శి అయ్యాడు. సమర్థులైనవాళ్ళు వెళ్ళలేదని ఎవరూ అనలేరు. అయితే పద్ధతిలో ఉన్న లోపం 1945-46 ఎన్నికల్లో బట్టబయలైంది. ప్రాథమిక ఎన్నికలు జరిగిన పలుచోట్ల దళిత ఓటర్లు అంబేద్కర్ నాయకత్వంలోని షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ వైపు మొగ్గారు. అంతిమ ఎన్నికల్లో ఫెడరేషన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కేబినెట్ మిషన్ దొరలు అంతిమ ఫలితాలే చూసి దళితుల ప్రతినిధి కాంగ్రెసే అని తేల్చారు. ప్రాథమిక ఎన్నికల లెక్కలు చూడండని అంబేద్కర్ ఎంత మొత్తుకున్నా వినలేదు. దేశం భవిష్యత్తు తేల్చే బేరసారాల్లో మన ఓటు మన చెయ్యి దాటి, మనకు వ్యతిరేక సాక్ష్యంగా నిలబడింది.

ఈ ప్యానెల్ పద్ధతి తర్వాత పోయింది. ఉమ్మడి నియోజకవర్గంలో రిజర్వుడు సీటు మిగిలింది. సాధారణంగా రిజర్వుడు నియోజకవర్గంలో దళితేతరులే ఎక్కువమంది. గెలవాలంటే టికెట్ ఇచ్చే పార్టీ దయ కావాలి, ఊళ్ళో పెద్ద కులాల ఓట్లు కావాలి. దళిత ఎమ్మెల్యేలు నోరెత్తరేం అని మనం తిడుతుంటాం. తిట్టే ముందు వాళ్ళ గొంతుకి కట్టిన తాడు ఎక్కడ ముడిపడి ఉందో చూడాలి.

3. అంబేద్కర్ నిపుణుల్ని ఎలా చూశాడు?

ఇక్కడ ఒక పొరపాటు జరగకుండా చూసుకోవాలి. నిపుణులంటేనే అగ్రవర్ణ కుట్ర అనేవాళ్ళు మనలో ఉన్నారు. అంబేద్కర్ అలా అనుకోలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు నీటిపారుదల, విద్యుత్తు ఆయన చూసిన శాఖలోనివే. నదుల అభివృద్ధికి సలహా ఇచ్చే కేంద్ర సాంకేతిక సంస్థ 1945లో ఏర్పడింది ఆ శాఖ కిందే. దామోదర్ లోయ ప్రణాళికకు పునాదులు పడింది అప్పుడే. 1944లో ఆయన మన గోదావరి జిల్లాల్లో పర్యటించినప్పుడు పేటలు చూసింది తమ నాయకుణ్ణి, కానీ అదే మనిషి దేశపు నీళ్ళ శాఖ బాధ్యుడు కూడా. ఇంజనీర్లు లేకుండా నదుల్ని వాడుకోలేమని ఆయనకు తెలుసు.

అదే అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ఆఖరి పెద్ద ప్రసంగంలో హెచ్చరించింది ఏమిటి? ఎంత గొప్ప నాయకుడినైనా సరే భక్తితో కొలిచి మన స్వేచ్ఛను అతని చేతిలో పెట్టెయ్యటం నియంతృత్వానికి దారి అని. అదే ప్రసంగంలో రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం అనే వైరుధ్యాన్ని ఎంతకాలం మోస్తాం అని అడిగాడు. ఈ రెండు హెచ్చరికల్ని కలిపి చదవాలి. భూమి ఒకడి దగ్గర, కూలి మరొకడి దగ్గర ఉన్న ఊళ్ళో ‘నమ్మి వదిలెయ్యండి’ అంటే, ఉన్నవాణ్ణి నమ్మి లేనివాడు వదిలెయ్యాలనే అర్థం.

ఒక నిపుణుణ్ణి పనికి పెట్టుకోవటం వేరు, నిర్ణయాన్ని అతనికి అప్పజెప్పటం వేరు. వైద్యుడి దగ్గరకు వెళతాం, మందు అతను చెబుతాడు. కానీ ఒళ్ళు మనది. ఎక్కడ నొప్పో చెప్పేది మనం.

4. 1997: ఓటు మనిషికా, పట్టాకా?

కాటన్ నాటినుంచి నూట యాభై ఏళ్ళు కాలువల పెత్తనం ప్రభుత్వ ఇంజనీర్లది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దీన్ని మారుస్తున్నామంది. నీటిపారుదల వ్యవస్థల నిర్వహణలో రైతుల భాగస్వామ్య చట్టం వచ్చింది. ప్రపంచబ్యాంకు మెచ్చుకుంది. ఆ ఏడు జూన్‌లో రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. నిపుణుల చేతినుంచి ప్రజల చేతికి నీళ్ళు వచ్చాయని ప్రచారం.

ఏ ప్రజలు? ఆ సంఘాల్లో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాళ్ళది. కాలువలో పూడిక తీసే కూలీకి ఓటు లేదు. నీళ్ళు రాకపోతే పని పోయే ఊడ్పుల ఆడకూలీకి ఓటు లేదు. కాలువ నీళ్ళే తాగే పేటకు, పేటగా ఓటు లేదు. యజమాని, కౌలుదారు ఇద్దరూ ఉన్నచోట కౌలుదారే సభ్యుడని చట్టం అంటుంది. చదవటానికి బాగుంది. కానీ డెల్టాలో కౌలు నోటిమాట కౌలు. కాగితం రాస్తే హక్కు పుడుతుందని భయపడే యజమాని రాయడు. రికార్డులో పేరు యజమానిదే, కాబట్టి ఓటూ అతనిదే, అతను హైదరాబాదులో ఉన్నా సరే. 2019లో వచ్చిన సాగుదారుల చట్టం కూడా హక్కు పత్రం కావాలంటే యజమాని ఒప్పుకోవాలనే అంది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పంచాయతీల్లో ఎస్సీ, ఎస్టీ, మహిళా రిజర్వేషన్లు వచ్చి అప్పటికి కొన్నేళ్ళే. 1997 నీటి చట్టంలో అలాంటి రిజర్వేషన్ పెట్టలేదు. పంచాయతీ సర్పంచి దళితుడు కావచ్చు గానీ, ఊళ్ళోకి నీళ్ళు తెచ్చే సంఘం మాత్రం పట్టాదారులదే.

మనిషికొక ఓటు అనే సూత్రాన్ని 1950లో రాజ్యాంగం తెచ్చింది. 1997లో నీటి దగ్గరికి వచ్చేసరికి ఆస్తికి ఓటు అనే 1919 నాటి సూత్రం దొడ్డిదారిన తిరిగి వచ్చింది. అదీ ‘భాగస్వామ్యం’ అనే అందమైన పేరుతో. 2024 డిసెంబరులో ఈ సంఘాలకు మళ్ళీ ఎన్నికలు జరిగాయి. కూలీకి ఓటు లేదేమిటని అడిగిన పార్టీ ఏదీ మాకు కనపడలేదు.

లాకుల దగ్గర ఏం జరుగుతుందో డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పనక్కరలేదు. లస్కరు నౌకరీ సర్కారుది, మాట కామందుది. ‘ఏరా, మా బోదెకి తూము ఎత్తేవా?’ అంటాడు ఆయన. ‘ఎత్తేనండి బాబూ, రాత్రే ఎత్తేసేనండి’ అంటాడు ఇతను. శివారు భూముల్లో అర ఎకరం చేసుకునే మాదిగ కౌలుదారు వచ్చి అడిగితే, ‘వంతు రాలేదు, మా పై ఆఫీసరుగార్ని అడుగు’ అంటాడు. పై ఆఫీసరు సంఘం అధ్యక్షుణ్ణి అడగమంటాడు. అధ్యక్షుడు ఎవరో, తూము ఎత్తించిన ఆ కామందే.

ఎండాకాలం కాలువలు కట్టేసేలోగా మంచినీళ్ళ చెరువులు నింపుకోవాలి. ఎప్పుడు కట్టెయ్యాలో జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో చర్చిస్తారు. కలెక్టరు, ఇంజనీర్లు, మంత్రులు, ఎమ్మెల్యేలు, సంఘాల నాయకులు కూర్చుంటారు. అంతా నిపుణులూ ప్రతినిధులే. దాళ్వా చేలకు ఇంకో తడి కావాలని అడిగే గొంతులు అక్కడ చాలా ఉంటాయి. చివరి పేట చెరువు నిండిందా అని అడగటానికి మాత్రం అక్కడ ఎవరికీ బాధ్యత లేదు.

5. పంట విరామం ఎవరి నిర్ణయం?

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేలాది ఎకరాలు బీడుపెట్టారు. దేశమంతా పత్రికలు రాశాయి. గిట్టుబాటు ధర లేదన్నారు, నిజమే. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయన్నారు, నిజమే. ఉపాధి హామీ పథకం వల్ల కూలి రేట్లు పెరిగి సాగు గిట్టటం లేదని, వ్యవసాయం రోజుల్లో ఆ పనులు ఆపాలని కూడా అన్నారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది.

రైతు కష్టం కష్టం కాదని మేం అనం. కానీ ఒక్కసారి ఆలోచించండి. భూమి బీడుపెడితే రైతుకు నష్టంతోపాటు ఒక బలం కూడా ఉంది, ప్రభుత్వం దిగివస్తుంది. కూలీకి ఉన్నదల్లా నష్టమే. ఊడ్పులు లేవు, కోతలు లేవు. ఆ నిర్ణయం తీసుకున్న సభల్లో కూలీలు లేరు. దానిమీద వేసిన కమిటీ పేరులో, పనిలో ‘రైతు’ ఉన్నాడు, కూలి లేదు. పైగా కూలీకి చట్టం ఇచ్చిన వంద రోజుల పనే సమస్య అని చెప్పారు. ఒక ప్రాంతపు ఉపాధి మొత్తాన్ని ఒక సీజను ఆపెయ్యగల నిర్ణయం ‘రైతుల సొంత వ్యవహారం’ ఎలా అవుతుంది? పరిశ్రమలో యజమాని గేటుకి తాళం వేస్తే లాకౌట్ అంటాం, కార్మిక చట్టం ప్రశ్నిస్తుంది. పొలానికి తాళం వేస్తే ఉద్యమం అన్నాం.

6. మంత్రి ఇల్లు తగలబడిన రోజు

అమలాపురం లోక్‌సభ స్థానం రిజర్వుడు స్థానం. అక్కడినుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నారు. ఎదుర్లంకలో పుట్టిన పిల్లవాడు పార్లమెంటుని నడిపాడంటే అది పేటల్లో ప్రతి ఇంటికీ గర్వం. ఆ గర్వాన్ని తక్కువ చెయ్యం.

అదే అమలాపురంలో 2022 మే 24న ఏం జరిగింది? కొత్తగా ఏర్పడ్డ కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెడుతూ ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చింది, అభ్యంతరాలు చెప్పుకోవటానికి గడువిచ్చింది. గడువు ఉండగానే గుంపులు రోడ్డెక్కాయి. అమలాపురం ఎమ్మెల్యే, దళిత మంత్రి పినిపె విశ్వరూప్ ఇంటికి నిప్పుపెట్టారు. ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి కూడా. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు, ఆ జూన్‌లో పేరు ఖాయం చేసింది. జిల్లాకి అంబేద్కర్ పేరు ఉంది. కానీ ఆ మంట ఒక సంగతి చెప్పింది. మంత్రి పదవి, రాజ్యాంగం, పోలీసు బందోబస్తు అన్నీ ఉన్న దళిత ప్రతినిధే తన ఇంటిని కాపాడుకోలేకపోతే, అతని భరోసామీద బతకమని పేటకు ఎలా చెప్పగలం? అంతకు అయిదేళ్ళ ముందు, 2017లో, పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు దళితుల్ని ఊరు వెలివేసింది. పనులు మానిపించారు, కౌళ్ళు మాన్పించారు. అప్పుడు పంచాయతీ ఉంది, ఎమ్మెల్యే ఉన్నాడు, ఎంపీ ఉన్నాడు. వెలి మాత్రం ఆగలేదు. దళితులు బయటికొచ్చి రోడ్డుమీద కూర్చున్నాకే రాష్ట్రం అటు చూసింది.

7. నమ్మటం కాదు, లెక్క అడగటం

ఈ నూట డెబ్బై ఏళ్ళ చరిత్ర చెప్పేది ఒకటే. నిపుణుడు మంచివాడా చెడ్డవాడా, ప్రతినిధి మనవాడా పరాయివాడా అన్నదాంతో కథ అయిపోదు. కాటన్ మంచివాడే. 1937లో వెళ్ళినవాళ్ళు మనవాళ్ళే. కానీ వాళ్ళు జవాబు చెప్పాల్సిన చోట మనం లేం.

మనం ఉన్నచోట ఏం జరుగుతుందో కూడా చూశాం. 2005 ఉపాధి హామీ చట్టం సామాజిక తనిఖీ అనే కొత్త పద్ధతి తెచ్చింది. 2006 నుంచి మన రాష్ట్రంలో అది పెద్దఎత్తున జరిగింది. మస్టరు రోలు, ఇంజనీరు రాసే కొలతల పుస్తకం ఊళ్ళోకి తెచ్చి కూలీల ముందు చదివారు. ‘ఈ చెరువులో ఇన్ని ఘనపు మీటర్లు తవ్వారు’ అని పుస్తకంలో ఉంటే, ‘తవ్వింది నేను, అంత తవ్వలేదు’ అని అక్షరం రాని ఆమె లేచి చెప్పగలిగింది. కొలతల శాస్త్రం ఆమెకి రాదు. కానీ తవ్విన చేతులు ఆమెవి. ఆ తనిఖీలకు లోపాలున్నాయి, తేలిన అవినీతి సొమ్ము అంతా తిరిగి రాలేదు, నిజమే. అయినా నిపుణుడు కూలీకి లెక్క చెప్పే చోటు ఒకటి సాధ్యమేనని తేలింది.

దాన్ని నీళ్ళదాకా తీసుకుపోవాలి. ఆయకట్టు కింద పనిచేసే కూలీకి, నోటిమాట కౌలుదారుకి నీటి సంఘంలో ఓటు కావాలి. సంఘం కమిటీల్లో ఎస్సీలకు, ఆడవాళ్ళకు స్థానాలు కావాలి. సలహా మండలి నిర్ణయాలు తెలుగులో, కాలువవారీగా, పంచాయతీ గోడమీద రాయాలి. చివరి పేట చెరువు నిండిందని ఆ పేట గ్రామసభ సంతకం పెట్టాకే కాలువ కట్టెయ్యాలి. పంట విరామం లాంటి నిర్ణయం వస్తే కూలీల ఉపాధికి ముందే ఏర్పాటు చెయ్యాలి. ఇవి విప్లవాలు కావు. చట్టంలో నాలుగు వాక్యాలు మారిస్తే అయ్యే పనులు.

చివరగా ఒక మాట మనలో మనం. ఇదే మూడు ప్రశ్నల్ని మన సంఘాలకూ వేసుకోవాలి. 1994లో మాదిగ దండోరా లేచినప్పుడు మాల నాయకులు చాలామంది ‘దళితులందరి తరఫునా మేం ఉన్నాం గదా’ అన్నారు. ఆ మాట 1946లో కాంగ్రెసు మనతో అన్నదే. 1997లో జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక, 2004లో వర్గీకరణ చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు, 2024 ఆగస్టు 1న చెల్లుతుందన్న తీర్పు దాటి వచ్చేసరికి ముప్పై ఏళ్ళు పట్టింది. డెల్టాలో మాదిగలు తక్కువమంది కాబట్టి వాళ్ళ మాట ఇంకా తక్కువ వినపడింది. మన సభల్లో వేదికమీద ఆడవాళ్ళు ఎందరు? ఊడ్పుల్లో నడుం వంచేది వాళ్ళు, ఉపన్యాసం మనది. అంబేద్కర్ అడిగిన మనుషుల ప్రాతినిధ్యం పేట లోపల కూడా అడగాల్సిందే.

నమ్మకం మంచిదే. అది లెక్క చెప్పినవాడికి ఇవ్వాల్సిన జీతం, ముందే ఇచ్చే బయానా కాదు. ధర్మన్న తెల్లదొర పోతున్నాడని సంబరపడే రోజుల్లోనే నల్లదొర సంగతేమిటని అడిగాడు. మనం అడగాల్సింది అదే ప్రశ్న: తూము ఎవరి చేతిలో ఉంది, ఆ చెయ్యి ఎవరికి జవాబు చెబుతుంది?